కారు వెనక కదిలే ఇల్లు: సర్దేటప్పుడే జాగ్రత్త!

కారవాన్ అనగానే మనకి గుర్తొచ్చేది సినిమా షూటింగుల్లో హీరోయిన్లు మేకప్ వేసుకునే ఏసీ బండి. కానీ ఇంగ్లండులో ఉన్న మీ అబ్బాయో, అమ్మాయో "అమ్మా, ఈసారి నువ్వొస్తే కారవాన్‌లో తిరుగుదాం" అన్నారనుకోండి, అది వేరే సంగతి. దానికి ఇంజనూ ఉండదు, స్టీరింగూ ఉండదు. చక్రాల మీద నిలబెట్టిన చిన్న ఇల్లన్నమాట. గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, సింకు, పడకలు, బుల్లి బాత్రూం అన్నీ అందులోనే. ఆ ఇంటిని కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళి, ఏ సముద్రం ఒడ్డునో, కొండల దగ్గరో కారవాన్ల కోసమే ఉన్న సైటులో నిలిపి, నాలుగు రోజులు హాయిగా ఉండి వస్తారు. హోటలు ఖర్చు తగ్గుతుంది, మన వంట మనం వండుకోవచ్చు. ముఖ్యంగా శాకాహారులకి ఇంతకన్నా సుఖం ఏముంది?

అక్కడి వాళ్ళకి ఈ సరదా ఇవాళ్టిది కాదు. 1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే డాక్టరుగారు 'వాండరర్' అని పేరు పెట్టి ఒక ఇంటి బండి చేయించుకున్నాడు. దానికి రెండు గుర్రాలు కట్టించి, ఇంగ్లండు నుంచి స్కాట్లండులోని ఇన్వర్నెస్ దాకా తిరిగాడు. 1907లోనే అక్కడ కారవాన్ క్లబ్బు వెలిసింది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక గుర్రాలు పోయి కార్లు వచ్చాయి.

"బాగానే ఉంది గానీ, బండి తగిలించడం, లాగడం మగవాళ్ళ వ్యవహారం కదా, మాకెందుకు చెబుతున్నావ్?" అంటారా? అక్కడే ఉంది కిటుకంతా. లాగేది వాళ్ళయినా సర్దేది మనం. సర్దడంలో తేడా వస్తే ఏమవుతుందో నాకు బాగా తెలిసొచ్చింది. మరి ఆ తప్పు చేసింది సాక్షాత్తూ నేనే!

ఆవకాయ జాడీ చెప్పిన పాఠం

2023 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో ఉన్న మా తమ్ముడింటికి వెళ్ళాను. వాడు అప్పటికి రెండు నెలల క్రితమే ఒక పాత కారవాన్ కొన్నాడు. పిల్లలకి సెలవులు. డెవన్ తీరానికి వెళ్దామని బయల్దేరదీశారు. వంట సామాను సర్దే పని నాకూ, మా మరదలికీ పడింది. నేనుండగా పిల్లలు బ్రెడ్డు ముక్కలు తినడమేమిటని పదికిలోల బియ్యం సంచి, పప్పులు, టేబుల్ మీద పెట్టుకునే గ్రైండరు, ప్రెషర్ కుక్కరు, ఆవకాయ జాడీ అన్నీ తీశాను. అక్కడి నీళ్ళెలా ఉంటాయోనని పదేసి లీటర్ల క్యాన్లు రెండు నింపాను. కారవాన్ వెనక వైపు పడక కింద పెద్ద అర ఒకటి ఖాళీగా కనిపించింది. ఇంకేం, అన్నీ అందులో కుక్కేశాం. "ఎంత చక్కగా పట్టాయో చూడండి వదినా" అని మా మరదలు మురిసిపోయింది కూడా.

బ్రిస్టల్ దాటాక ఎం-5 మోటార్‌వే ఒకచోట పల్లంలోకి దిగుతుంది. సరిగ్గా అక్కడే పెద్ద లారీ ఒకటి మమ్మల్ని దాటింది. ముందు ఎవరో వెనక నుంచి తోసినట్టయింది. తర్వాత కారవాన్ వెనక భాగం కుడికి ఊగింది. ఎడమకి ఊగింది. ప్రతి ఊపుకీ కారు కూడా దానితోపాటే కదిలిపోతోంది. పిల్లలు కెవ్వుమన్నారు. "ఎవరూ మాట్లాడకండి" అన్నాడు మా తమ్ముడు. వాడు బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీసేసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని కూర్చున్నాడు. కొన్ని సెకన్లే అయ్యుంటుంది గానీ నాకు మాత్రం గంటలా తోచింది. వేగం తగ్గాక ఊపు ఆగింది.

దీన్ని అక్కడ 'స్నేకింగ్' అంటారు, పాము మెలికలన్నమాట. అది ముదిరితే కారవాన్ బోల్తా పడుతుంది, కారునీ తనతో లాక్కుపోతుంది. అలాంటప్పుడు భయపడి గట్టిగా బ్రేకు వేసినా, ఊపుకి ఎదురు తిప్పబోయినా ప్రమాదం పెరుగుతుంది. వేగం పెంచితే సర్దుకుంటుందని కొందరు చెబుతారు, అస్సలు నమ్మకండి. కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, దానంతటదే నెమ్మదించనివ్వాలి. పక్కన కూర్చున్న మనం చెయ్యాల్సింది ఒక్కటే, నోరు మెదపకుండా ఉండడం!

తర్వాత వచ్చిన సర్వీసెస్‌లో ఆపాం. తలుపు తీసి చూద్దును కదా, ఆవకాయ నూనె పడక కింద నుంచి పారుతోంది. అక్కడే తన కారవాన్ నిలుపుకున్న ఒక తెల్ల పెద్దాయన మా మొహాలు చూసి దగ్గరికొచ్చాడు. వెనక అర తెరిచి చూసి, మాట్లాడకుండా తన బండిలోంచి గొట్టం లాంటి కొలత సాధనం తెచ్చి కారవాన్ ముక్కు కింద పెట్టాడు. ముప్ఫై, ముప్ఫై అయిదు కిలోల మధ్య చూపించింది. "కనీసం దీనికి రెట్టింపుండాలి" అన్నాడట.

మన ఎడ్లబండి లెక్కే!

ఆయన చెప్పింది వింటుంటే నాకు మా తాతగారి ఊళ్ళో ఎడ్లబండి గుర్తొచ్చింది. ధాన్యం బస్తాలు వేసేటప్పుడు పాలేరు "ముందు మొగ్గుందా, వెనక మొగ్గుందా" అని కాడి ఎత్తి చూసేవాడు. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచిపోతుంది. మరీ ముందుకైతే ఎద్దుల మెడలు విరుగుతాయి. బరువంతా ఇరుసు మీద ఉండి, కాస్త ముందుకు మొగ్గాలి. కారవాన్‌కీ అచ్చం అంతే. ఎద్దుల స్థానంలో కారు, కాడి స్థానంలో కారు వెనకుండే ఇనుప బంతి. ఆ బంతి మీద కారవాన్ ముక్కు మోపే బరువునే వాళ్ళు 'నోజ్ వెయిట్' అంటారు. సామానుతో కలిపి కారవాన్ బరువెంతో అందులో నూటికి అయిదు నుంచి ఏడు వంతులు ముక్కు మీద ఉండాలని అక్కడి సలహా. అంటే 1300 కిలోల కారవాన్‌కి 65 నుంచి 91 కిలోలు. అయితే కారు కొక్కేనికీ, కారవాన్ ముక్కుకీ ఇంతకు మించి మోయకూడదని వాటి హద్దులు వాటికుంటాయి. అన్నిటిలోకీ తక్కువ హద్దు ఏదైతే అదే లెక్క.

కొలవడానికి ఆ పెద్దాయన దగ్గరున్నలాంటి సాధనం దొరుకుతుంది. అది లేకపోతే మనం ఒళ్ళు చూసుకునే బాత్రూం కాటా చాలు. చదునైన చోట కారవాన్ చక్రాలకి అడ్డు పెట్టి, కాటా మీద సరైన ఎత్తు కర్రముక్క నిలబెట్టి, ముక్కుని దానిమీదకి దింపి చూడడమే. ఆ కాటా ఇంకొకందుకూ పనికొస్తుంది, అది ఇప్పుడే చెబుతాను.

ఏది ఎక్కడ సర్దాలంటే, బరువైనవన్నీ కింద, నేల మీద, చక్రాలు ఉన్నచోటికి దగ్గరగా. బియ్యం, గ్రైండరు, గుడారం బట్ట, డబ్బాల తిండి అక్కడికే వెళ్ళాలి. ఓ మోస్తరు బరువున్నవి దానికి కాస్త ముందూ వెనకా, అవీ కిందే. పై అరల్లో దుప్పట్లు, బట్టలు, ప్లాస్టిక్ గిన్నెలు, బిస్కట్ పాకెట్లు తప్ప ఏమీ వద్దు. మన ఇంట్లో అటక మీద ఇత్తడి గంగాళాలు పెట్టే అలవాటు అక్కడ పనికిరాదు. చివర్లో, అంటే బండి వెనక గోడ దగ్గర, బరువులు అసలే వద్దు. కుడి ఎడమలు కూడా సమంగా ఉండేలా చూసుకోండి.

ఇక ఎంత బరువు వెయ్యొచ్చు అన్నది. కారవాన్ తలుపు దగ్గర చిన్న పలక మీద రాసి ఉంటుంది. ఖాళీ బండి బరువెంత, సామానుతో కలిపి ఎంతకు మించకూడదు అన్న రెండు అంకెలూ తెలుసుకోండి. మా వాడి బండికి ఆ తేడా 150 కిలోలు. చాలా ఎక్కువ అనిపిస్తోంది కదూ? లెక్కేసి చూడండి. బయట వేసే గుడారం, బ్యాటరీ, గ్యాసు సిలిండరు, కుర్చీలు, బల్ల, పరుపుల మీద దుప్పట్లు, నలుగురి బట్టలు... మనం వంటింటి సామాను ముట్టుకునేలోగానే సగానికి పైగా అయిపోతుంది. అందుకే కాటా దగ్గర పెట్టుకుని, పెట్టే ప్రతి సంచీ తూచి కాగితం మీద రాసుకోవాలి. నీళ్ళు లీటరుకి కిలో. సైటులో కుళాయి ఉంటుంది, ఆ నీళ్ళు శుభ్రంగా తాగొచ్చు. నేను మోయించిన ఇరవై కిలోలూ ఉత్త దండగన్నమాట!

కారుకి కూడా తాహతుండాలి. కారు బరువులో నూటికి 85 వంతులకి మించని కారవానే లాగమని కొత్తవాళ్ళకి అక్కడి క్లబ్బులు చెబుతాయి. 1600 కిలోల కారుకి 1360 కిలోల కారవాన్ అన్నమాట. ఇది చట్టం కాదు గానీ వినదగ్గ మాట. ఇంతకీ మా వాడు ఈ లెక్కలన్నీ చూసుకునే కొన్నాడు. ఇంట్లో ఆడవాళ్ళకి చెప్పాలని మాత్రం తోచలేదు. మగవాళ్ళ సంగతి మీకు తెలియంది కాదుగా!

తలుపు మూసేముందు

మైక్రోవేవ్‌లోని గాజు పళ్ళెం తీసి తువ్వాలులో చుట్టి పరుపుల మధ్య పెట్టండి. టీవీ ఉంటే అదీ అంతే. ఊరగాయలు గాజు సీసాల్లో, జాడీల్లో వద్దు. గట్టి మూతలున్న స్టీలు డబ్బాల్లో పోసి, మూత కింద ప్లాస్టిక్ కాగితం వేసి బిగించండి. ఫ్రిజ్ తలుపుకి గొళ్ళెం ఉంటుంది, పడిందో లేదో లాగి చూడండి. పై కప్పు కిటికీ, పక్క కిటికీలు, బాత్రూం తలుపు అన్నీ వేశారా? కొందరు కప్పు కిటికీ మరిచిపోయి, దార్లో అది ఎగిరిపోయాక తెలుసుకుంటారు.

గ్యాసు సంగతి మనకి కొత్త కాదు. బండి కదిలే ముందు పొయ్యి దగ్గర తిప్పి ఊరుకుంటే చాలదు, సిలిండరు దగ్గరే కట్టేయాలి. సిలిండరు నిలువుగానే ఉండాలి, పట్టీతో బిగించాలి. "మరి ఫ్రిజ్ ఎలా?" అంటారేమో. ప్రయాణంలో అది కారు కరెంటు మీద, సైటులో అక్కడి కరెంటు మీద, కరెంటు లేనిచోట గ్యాసు మీద నడుస్తుంది. దాని మీట మార్చడం మరవకండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. నడుస్తున్న కారవాన్‌లో మనుషులు కూర్చోకూడదు. పిల్లలు "పడకెక్కి పడుకుంటాం" అని మారాం చేస్తారు. కాళ్ళు లాగుతున్నాయి, కాసేపు నడుం వాలుస్తానని పెద్దవాళ్ళకీ అనిపిస్తుంది. వద్దంటే వద్దు. అందులో సీటు బెల్టులుండవు. బండి మెలికలు తిరిగినప్పుడు లోపల ఎవరైనా ఉండుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్ళు జలదరిస్తుంది.

తగిలించేటప్పుడు మీరెక్కడ నిలబడాలి?

కారుని వెనక్కి తెచ్చి బంతిని కారవాన్ ముక్కు కిందకి చేర్చేటప్పుడు "కాస్త ఎడమకి, ఇంకాస్త" అని దారి చెప్పే పని సాధారణంగా మనకే వస్తుంది. కారుకీ, కారవాన్‌కీ మధ్య మాత్రం నిలబడకండి. పక్కగా, డ్రైవరుకి అద్దంలో మీరు కనిపించేచోట నిలబడి చేత్తో సైగ చెయ్యండి. మీకు అద్దంలో ఆయన మొహం కనిపించడం లేదంటే ఆయనకి మీరూ కనిపించనట్టే. ఆ పని అయ్యేదాకా పిల్లలందరినీ ఒకరు దూరంగా పట్టుకుని ఉండాలి. చీర కట్టుకునే వాళ్ళు కొంగు నడుముకి చుట్టుకోండి. ముందున్న చిన్న చక్రం తిప్పే పిడిలో నా కొంగు చిక్కుకుంది, మీకెందుకా అనుభవం!

కారవాన్‌ చేతి బ్రేకు వేసి ఉండగానే ముక్కుని బంతి మీదకి దింపుతారు. టక్కున పడిన చప్పుడుని నమ్మకూడదు. చాలా బండ్లకి ముక్కు మీద పచ్చ గుర్తు కనిపిస్తుంది. అది చూశాక ముందరి చిన్న చక్రాన్ని కిందకి తిప్పాలి. సరిగ్గా పట్టుకుని ఉంటే కారు వెనక భాగం కూడా కాస్త పైకి లేస్తుంది. లేవలేదంటే పట్టుకోలేదని అర్థం. మళ్ళీ మొదటినుంచి తగిలించాల్సిందే.

తర్వాత ఒక సన్నటి ఇనుప తీగ ఉంటుంది. చూడ్డానికి బట్టలారేసుకునే తీగలా ఉంటుంది గానీ, అదే ప్రాణాధారం. పొరపాటున కారవాన్ దార్లో ఊడిపోతే ఆ తీగ దాని బ్రేకుని గుంజి, ఆ తర్వాత తెగిపోతుంది. కారవాన్ అక్కడికక్కడే ఆగుతుంది, ఎదుటివాళ్ళ మీదకి పోదు. దాన్ని కారు కొక్కెం దగ్గర దానికోసమే ఉన్న రింగుకి తగిలించాలి. నేలకి రాసుకునేంత వదులుగానూ, మలుపులో బిగుసుకునేంత పొట్టిగానూ ఉండకూడదు.

ఆ తర్వాత కరెంటు ప్లగ్గు, చిన్న చక్రం పూర్తిగా పైకెత్తి బిగించడం, నాలుగు మూలలా ఉండే కాళ్ళు పైకి తిప్పడం, చివరగా చేతి బ్రేకు తీయడం. లైట్లు చూసే పని పిల్లలకివ్వండి. ఒకరు కార్లో మీటలు నొక్కుతుంటే వెనక నిలబడి "ఎడమ వెలిగింది, కుడి వెలిగింది, బ్రేకు వెలిగింది" అని అరవడం వాళ్ళకి మహా సరదా. వెనక కారు నంబరే కారవాన్‌కీ ఉండాలి. కారవాన్ కారుకన్నా వెడల్పుగా ఉంటే పక్కలకి పొడుగాటి అద్దాలు బిగించుకోవాలి.

టైర్ల గురించి కాస్త. కారవాన్ ఏడాదిలో ఎక్కువ రోజులు ఒకేచోట నిలబడి ఉంటుంది. అందుకని టైరు అరిగిపోకముందే ముసలిదైపోతుంది. పైకి కొత్తదానిలా కనిపిస్తుంది, పక్కల మాత్రం సన్నటి పగుళ్ళుంటాయి. టైరు పక్కన చివరి నాలుగంకెలు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని. అయిదేళ్ళకి మార్చమంటారు, ఏడేళ్ళు దాటనివ్వనే కూడదు. మందుల సీసా మీద తేదీ చూసి కొనే మనకి ఈ అంకె చదవడం ఒక లెక్కా?

వేగం సంగతి డ్రైవరుకే తెలియాలి గానీ, మీరూ ఓ చెవిన వేసుకోండి. కారవాన్ లాగేటప్పుడు బ్రిటన్‌లో మామూలు రోడ్ల మీద గంటకి 50 మైళ్ళు, మధ్యలో గట్టు ఉన్న జంట రోడ్లు, మోటార్‌వేల మీద 60 మైళ్ళు హద్దు. బోర్డు మీద అంతకన్నా తక్కువుంటే అదే. మూడు వరసలున్న మోటార్‌వేలో కుడి చివరి వరసలోకి పోకూడదు. లైసెన్సు నియమం 2021 డిసెంబరు 16న సడలించారు. 1997 తర్వాత కారు పరీక్ష పాసైనవాళ్ళు కూడా ఇప్పుడు వేరే పరీక్ష లేకుండానే 3500 కిలోల దాకా లాగొచ్చు. పరీక్ష లేదంటే నేర్చుకోనక్కర్లేదని కాదు సుమండీ! మా వాడు డెవన్ నుంచి వచ్చాక ఒక రోజు శిక్షణకి వెళ్ళాడు.

కుంపటి లోపలికి తేవద్దు

చేరాక రెండో రోజు వాన పట్టుకుంది. బయట కాలుస్తున్న మొక్కజొన్న కండెలు తడిసిపోతాయని మా మరదలు బొగ్గుల పొయ్యిని గుడారంలోకి జరపబోయింది. "మంట లేదు వదినా, నిప్పులే కదా, చలికి వెచ్చగా కూడా ఉంటుంది" అంది. నేను తేనివ్వలేదు. మన పల్లెల్లో తలుపులన్నీ మూసుకుని కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు తెల్లారి లేవని కథలు విన్నదాన్ని. బొగ్గు ఆరిపోయినట్టు కనిపించినా కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి వాసనుండదు, రంగుండదు. తలనొప్పి, తల తిరగడం, వికారం వస్తే ప్రయాణం బడలిక అనుకుంటాం. గుడారాల్లోకి, కారవాన్లలోకి ఇలా పొయ్యి తెచ్చుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు బ్రిటన్‌లోనూ ఉన్నారు. గ్యాసు పొయ్యి కూడా వంటకే తప్ప గది వెచ్చబెట్టుకోవడానికి కాదు. వండేటప్పుడు కిటికీ ఓరగా తీసి ఉంచండి.

కారవాన్ నేలలో, కప్పులో చిన్న చిన్న కన్నాలుంటాయి. చలిగాలి వస్తోందని వాటిలో గుడ్డలు కుక్కకండి, మీద చాపలు పరవకండి. గ్యాసు గాలికన్నా బరువు కదా, లీకైతే కింది కన్నాల్లోంచే బయటికి పోవాలి. కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టి కూతపెట్టే అలారం చిన్న డబ్బా అంత ఉంటుంది, అదొకటి తప్పక పెట్టించండి. నెలకోసారి బటన్ నొక్కి చూడండి.

తిరుగు ప్రయాణం నాడు మా మరదలు ఒక పని చేసింది. చూడాల్సినవన్నీ తెలుగులో వరసగా రాసి, వంట అర తలుపు లోపల అంటించింది. ఒకరు చదువుతారు, ఇంకొకరు ఆ వస్తువుని చేత్తో ముట్టుకుని "చూశా" అంటారు. మధ్యలో ఫోను మోగినా, పక్క కారవాన్ వాళ్ళు పలకరించినా మళ్ళీ మొదటి వరస నుంచి చదవాల్సిందే. ఆ పూట పక్కావిడ టీకి పిలవడంతో మేం రెండుసార్లు చదివాం. గుడారం వానకి తడిసి రెట్టింపు బరువెక్కింది. దాన్ని మడిచి చక్రాల పక్కన నేల మీద పరిచాం. తిన్న బియ్యం పోగా మిగిలింది రెండు కిలోలు. గ్రైండరుని తమ్ముడు కారు డిక్కీలో పెట్టాడు. ముక్కు కింద కాటా పెట్టి చూస్తే 78 కిలోలుంది.